బ్యారెట్స్ స్క్రీనింగ్‌లో తెల్లజాతికి ఒక పాయింటు ఎందుకు?

మూడోకన్ను:
అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్ళ 2022 మార్గదర్శకాలు చదివాను. ఏళ్ళ తరబడి గుండెల్లో మంట ఉంటే, దానికి తోడు ముప్పు పెంచే మరో మూడు అంశాలు ఉన్నవాళ్ళకి ఎండోస్కోపీ చేసి బ్యారెట్స్ (అన్నవాహిక లోపలి పొర మారిపోయే జబ్బు) ఉందేమో చూడమన్నారు. ఆ జాబితా ఇది: మగవాళ్ళు, 50 దాటినవాళ్ళు, పొగతాగేవాళ్ళు, ఊబకాయం, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు, తెల్లజాతి. అమెరికాలోనే ఉన్న మా అన్నయ్యకి 50 దాటాయి, మంట ఎప్పటినుంచో ఉంది. సిగరెట్ లేదు, పొట్ట లేదు. అంటే రెండే. మాత్రలు రాసి పంపేశారు. ఆయనతో పనిచేసే తెల్లాయనకి అన్నీ అవే, స్కోప్ చేశారు. దీన్ని వైద్యం అందామా, వివక్ష అందామా?

లెక్కలమాస్టారు:
వివక్ష ఎక్కడుందండీ? అన్నవాహికలో ఉండాల్సిన పొలుసు కణాల పొర పోయి పేగు తరహా పొర రావడమే బ్యారెట్స్. అమెరికాలో అది తెల్లవాళ్ళలో ఎక్కువ, నల్లవాళ్ళలో బాగా తక్కువ. దాన్నుంచి పుట్టే అడినోకార్సినోమా అనే క్యాన్సర్ లెక్కా అంతే. ఎక్కువున్నచోట వెతకమన్నారు.

చదువరి:
2016లో రెండుంటే చాలన్నారుగా?

లెక్కలమాస్టారు:
అప్పుడు మగవాళ్ళు కావడం ముందు షరతు, ఆ పైన రెండు. వాళ్ళ అన్నయ్యకి అప్పుడు ఒకటే వచ్చేది. చదివి రాయండి.

స్కోప్‌నర్స్:
నేను ఎండోస్కోపీ గదిలో పనిచేస్తాను. "నల్లవాళ్ళలో తక్కువ" అని అక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. అన్నవాహికలోనే వచ్చే ఇంకో రకం, పొలుసు కణాల క్యాన్సర్, అమెరికాలో వాళ్ళకే ఎక్కువ వస్తూ వచ్చింది. పొగ, మద్యం దానికి పెద్ద కారణాలు. దాని ముందు దశ స్క్వామస్ డిస్‌ప్లేసియా, అంటే ఆ పొలుసు కణాలు చెడటం మొదలవ్వడం. లూగోల్ అయోడిన్ అనే రంగుమందు చల్లితే మంచి పొర గోధుమరంగుకి తిరుగుతుంది, చెడిన చోటు రంగు పట్టదు. చైనాలో లిన్‌షియాన్, ఇరాన్‌లో గోలెస్తాన్ వైపు అసలు బెడద ఇదే. మంటను పట్టుకుని వెతికితే ఇది దొరకదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి మంటే ఉండదు, మింగుడుపడక వస్తారు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

లెక్కలమాస్టారు:
అది వేరే జబ్బు. ఇక్కడి ప్రశ్న బ్యారెట్స్.

మూడోకన్ను:
కిడ్నీ పనితీరు లెక్కలోంచి 2021లో జాతిని తీసేయమన్నారు. ఇక్కడ మాత్రం ఎందుకుండాలి?

లెక్కలమాస్టారు:
అక్కడ ఆ లెక్క వల్ల నల్లవాళ్ళ కిడ్నీలు ఉన్నదానికన్నా బాగున్నట్టు కనపడేవి. ఇక్కడ తేడా నిజంగానే ఉంది. వాళ్ళ అన్నవాహిక పొరలో జీఎస్‌టీటీ2 అనే రక్షక ఎంజైమ్ ఎక్కువని పరిశోధన కూడా వచ్చింది.

మూడోకన్ను:
ఎంజైమ్ ముఖ్యమైతే ఎంజైమే కొలవండి, మొహం చూసి మార్కులేంటి? మేం తెల్లవాళ్ళమూ కాదు, నల్లవాళ్ళమూ కాదు. మా లెక్క ఏ పట్టికలో ఉంది? మీకు శాతాలే కనపడతాయి, మనుషులు కనపడరు.

లెక్కలమాస్టారు:
మనుషులా? మా నాన్నకి బ్యారెట్స్ అన్నారు. డిస్‌ప్లేసియా లేదు. అలాంటివి క్యాన్సర్‌గా మారేది ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికో ముగ్గురికో. ఆ మాట ఆయనకి ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. ప్రతి స్కోప్‌కీ నెల ముందునుంచే నిద్ర ఉండేది కాదు, వీలునామా తిరగరాసేవాడు. చివరికి పోయింది గుండెపోటుతో. ఆ బతుకు ఇంకొకళ్ళకి అంటగట్టమంటారా?

మూడోకన్ను:
ఇన్ని పోస్టులు జాతి గురించి వాదించి, మీ బాధ ఇదా! స్కోపే వద్దంటున్నారు మీరు. మేం అడిగేది తెలుసుకునే హక్కు. భయపడాలో వద్దో మా అన్నయ్య చూసుకుంటాడు.

లెక్కలమాస్టారు:
మా నాన్న కూడా అలాగే అన్నాడు.

చదువరి:
ఇద్దరూ కాస్త నీళ్ళు తాగండి.

స్కోప్‌నర్స్:
మూడోకన్ను గారూ, మీ అన్నయ్యకి మింగేటప్పుడు అడ్డుపడుతుందా? బరువు తగ్గారా?

మూడోకన్ను:
బరువు తెలీదు. గట్టి ముద్ద అప్పుడప్పుడు ఛాతీలో ఆగినట్టుంటుందంటాడు. మంటవల్లే అనుకున్నాం.

స్కోప్‌నర్స్:
డాక్టర్‌కి చెప్పారా?

మూడోకన్ను:
చెప్పినట్టు లేడు.

స్కోప్‌నర్స్:
పాయింట్ల లెక్క మంట తప్ప వేరే ఇబ్బంది లేనివాళ్ళని వడకట్టడానికి. మింగుడుపడట్లేదంటే జాతీ గీతీ ఏదీ చూడరు, నేరుగా స్కోపే. రేపు పొద్దున్నే ఫోన్ చేయించండి, ఆ మాటే ముందు చెప్పమనండి.

లెక్కలమాస్టారు:
చేయించండి. 2022 ప్రకారం మాత్రం రెండు పాయింట్లే.