స్టార్టర్ మాన్యువల్ వర్డ్‌లోనా, మార్క్‌డౌన్‌లోనా?

బోరుబావి: వ్యవసాయ మోటార్లకు స్టార్టర్ ప్యానెళ్లు చేసే చిన్న కంపెనీ మాది. 40 పేజీల మాన్యువల్ వర్డ్‌లో ఉంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’... ఏది అచ్చుకెళ్లిందో దేవుడికే తెలియాలి. మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులు పెట్టి రాసే మార్క్‌డౌన్‌కి మారితే అచ్చుకీ ఫోనుకీ ఒకే ఫైలు సరిపోతుందా? పదాలు, అంకెలు మీరెలా పెట్టుకున్నారు?

గిట్ గోపన్న: మారిపోండి. వాక్యానికో లైను చొప్పున రాసి, ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో పెట్టండి, ఎవరు ఏం మార్చారో తెలుస్తుంది. మమ్మల్ని ఏడిపించింది పట్టికలే. ‘లోపం–కారణం’ పట్టికలో గడులు కలపడం కుదరదు.

పేజ్‌మేకర్ పాతకాపు: ఇరవై ఏళ్లుగా అనూ ఫాంట్లలో అచ్చేస్తున్నా. ఒక్క ఒత్తు చెదరలేదు.

గిట్ గోపన్న: మీ ఫైలు యూనికోడ్ కాదుగా, ఫోన్లో తెరిస్తే కనిపించేవి పిచ్చి గుర్తులే.

పేజ్‌మేకర్ పాతకాపు: మీ పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, తర్వాత మాట్లాడదాం.

అరసున్న: ఫార్మాట్ ఏదైనా ముందు ‘ఓవర్‌లోడ్’ సంగతి తేల్చుకోండి. మధ్యలో అక్షరాలను కలవకుండా విడదీసే, కంటికి కనపడని జడ్‌డబ్ల్యుఎన్‌జే ఉంటే ‘ఓవర్‌లోడ్’, లేకపోతే ‘ఓవర్లోడ్’. మా మాన్యువల్‌లో రెండూ ఉన్నాయి. వెతికి మార్చమంటే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఒక రకాన్నే పట్టుకుంది, రెండోది అలాగే అచ్చుకెళ్లింది.

తేటతెలుగు: ‘అధికభారం’ అని రాస్తే గొడవే లేదు.

అరసున్న: ఏ రైతైనా ఫోన్ చేసి ‘అధికభారం వచ్చింది’ అంటాడా? ‘ట్రిప్పయింది’ అంటాడు.

తేటతెలుగు: మనం రాయకపోతే వాళ్లకెలా అలవాటవుతుంది? ఇలాగే భాషను పాడుచేశారు.

అరసున్న: మోటారు కాలిపోతుంటే భాషా సేవ ఎందుకండీ! ప్యానెల్ మీద ఏ పదం ఉంటే మాన్యువల్‌లోనూ అదే ఉండాలి.

సీనియర్ రైటర్: ఈ ఫీల్డులో 18 ఏళ్లున్నాను, డాక్‌బుక్, డిటా లాంటి మాన్యువల్ ఫార్మాట్లన్నీ చేశాను. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నల్ రాసేవాళ్లే 2016లో డాక్‌బుక్ వదిలి స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ టూల్ వైపు వచ్చారు. మార్క్‌డౌన్ పిల్లల ఆట.

గిట్ గోపన్న: కెర్నల్ రాసేవాళ్లు పొలంలో స్టార్టర్ మూత తెరవరు సార్.

లైన్‌మన్ తమ్ముడు: ఈ ఫార్మాట్ల గోల నాకు తెలియదు, స్టార్టర్లు బిగించేవాణ్ణి. నా చేతికొచ్చిన ఒక మాన్యువల్‌లో 5వ స్టెప్: ‘మూత తెరిచి రిలే వైర్లు బిగించండి.’ పేజీ తిప్పితే 6: ‘దీనికి ముందు మెయిన్ ఆపాలి.’ పేజీ తిప్పేలోపే షాక్ కొట్టింది. స్క్రూడ్రైవర్ గట్టు అవతల పడింది.

తేటతెలుగు: అసలు ‘స్టెప్’ ఎందుకు, ‘మెట్టు’ అనొచ్చుగా?

అరసున్న: అయ్యా, దండం.

బోరుబావి: ఇప్పుడే మా ఫైలు తీసి చూశా. 9, 10 స్టెప్పులు అచ్చం అలాగే ఉన్నాయి. ముందు అవి మారుస్తున్నా. మరి ఆ గడులు కలపడం ఎలా?

గిట్ గోపన్న: మార్క్‌డౌన్ లాంటిదే ఇంకో ఫార్మాట్ ఆస్కీడాక్‌లో కలుస్తాయి. మా ఆఫీసులో నేర్చుకుంటామని మాత్రం ఒక్కరూ రాలేదు.