శారా నవ్వు గురించి స్త్రీల కూడికలో ఏమి చెప్పాలి?

తెనాలి సోదరి:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వచ్చే శనివారం మా మందిరంలో స్త్రీల కూడిక. వాక్యం నేను చెప్పాలి. అంశం ‘శారా వంటి భార్య’, బైబిలులో అబ్రాహాము భార్య శారా గురించి. మా సంఘంలో ఒక పెద్దావిడ 1 పేతురు 3:6 చూపించి, “శారా భర్తను యజమానుడని పిలిచింది, లోబడింది. అది చెబితే చాలు” అన్నారు.

నాకు చాలడం లేదు. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. శారా పేరు వచ్చీ రాగానే ఆదికాండము 11:30 ఆమెను గొడ్రాలు అంటుంది. ఆ మాట మా వీధిలో నా వెనుక కూడా వినబడింది. గత నెల మూడోసారి చికిత్స ఫలించలేదు. ఆ రాత్రి మా వారు ప్రార్థన చేద్దామని మోకరించారు. నేను నవ్వాను. ఆయన ఇంకా మోకాళ్ల మీద ఉండగానే, పైకి వినబడేలా నవ్వాను. ఆయన ఏమీ అనలేదు. లేచి, గేటుకు తాళం వేసి వస్తానని వెళ్లారు.

అప్పటి నుంచి, శారా నవ్విన ఆదికాండము 18వ అధ్యాయం దాటి చదవలేకపోతున్నాను. అలా నవ్వినదాన్ని, నలుగురి ముందు నిలబడి శారా విశ్వాసం గురించి ఏ ముఖంతో చెప్పను?

రాజమండ్రి విశ్వాసి:
వందనాలు సోదరీ. హెబ్రీయులకు 11:11 చదవండి. విశ్వాసవీరుల వరుసలో శారా పేరు ఉంది. ఆమె తప్పులను కూడికలో ఎత్తడం కంటే ఆ వచనం మీదనే నిలబడితే క్షేమం.

పాలకొల్లు అక్క:
తమ్ముడూ, ఆ వచనం ఎంత గొప్పదో తెలియాలంటే నవ్వు కూడా చెప్పవలసిందే.

అమ్మాయీ, పెద్దావిడ చూపించిన పేతురు వచనంతోనే మొదలుపెట్టు. శారా భర్తను యజమానుడని ఎక్కడ పిలిచిందో వెతుకు. ఆదికాండము అంతటిలో ఒక్కచోటే దొరుకుతుంది, 18:12లో. నేను బలం ఉడిగినదాన్ని, నా యజమానుడూ వృద్ధుడు, ఇంక మాకు సుఖమా అని తనలో నవ్వుకున్న ఆ వచనంలోనే. పేతురు మెచ్చుకున్న మాట ఆమె నమ్మలేక నవ్విన నోటినుంచే వచ్చింది. ముప్పై ఏళ్లు సండే స్కూలు పిల్లలకు ఈ కథ చెప్పాను. ఈ సంగతి కంటబడిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నాన్ని ఒకసారి ఊహించుకో. మమ్రే దగ్గర మండుటెండ. ముగ్గురు అతిథులు వచ్చారు. అబ్రాహాము పరుగున గుడారంలోకి వచ్చి మూడు మానికల పిండి పిసికి రొట్టెలు చేయమన్నాడు. ఈనాటి కొలతలో అది ఇరవై లీటర్లకు పైనే. పిసకవలసినది తొంభైకి దగ్గరపడిన మనిషి. అతిథులు చెట్టు కింద భోజనం చేస్తుంటే, నీకు కొడుకు పుడతాడన్న మాట ఆమె గుడారపు ద్వారం వెనుక నుంచి విన్నది.

ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్లు. 17:17లో ఇదే మాట విని అబ్రాహాము సాగిలపడి నవ్వాడు. నూరేళ్లవాడికి సంతానమా, తొంభై ఏళ్ల శారా కంటుందా అనుకున్నాడు. ఆ తర్వాతి మాటల్లోనే దేవుడు బిడ్డకు ఇస్సాకు అని పేరు పెట్టాడు. హెబ్రీ భాషలో ఆ పేరులో ఉన్నది నవ్వే. అబ్రాహాము ఇంటికి వచ్చి భార్యకు ఇది చెప్పినట్లు ఎక్కడా రాసిలేదు. అంత పెద్ద మాట భర్త విని ఉండగా, ఆమె తెర చాటు నుంచి పరాయివాళ్ల నోట వినవలసి వచ్చింది. ఆయన నవ్వింది ఒకచోట, ఆమె నవ్వింది ఇంకొకచోట. ఆ కాపురంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

మా ఇంట్లోనూ అలాగే జరిగింది. మా వారు వ్యాపారంలో నష్టం వచ్చి, నాకు చెప్పకుండా ఇంటి కాగితాలు తాకట్టు పెట్టారు. రెండేళ్ల తర్వాత వడ్డీ అడగడానికి వచ్చినవాళ్లు చెబితే తెలిసింది. అబ్రాహాము ఐగుప్తులో ఒకసారి, గెరారులో ఒకసారి భార్యను చెల్లెలని చెప్పి ఆమెను రాజుల ఇళ్లకు పోనిచ్చాడు కదా, ఎందుకని అడిగితే భయపడ్డానన్నాడు. మా వారూ అదే మాట అన్నారు. నేనూ తక్కువ తినలేదు. ఆరు నెలలు పళ్లెం ముందు పెట్టి మాట లేకుండా లేచిపోయాను.

నీకు బిడ్డ పుడతాడని నేను చెప్పను. ఆ వాగ్దానం వాళ్లిద్దరికీ ఇచ్చినది, దాన్ని తెచ్చి నీ ఒడిలో పెట్టే అధికారం నాకు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ రాత్రి గేటుకు తాళం వేయడానికి మీ వారికి ఎంతసేపు పట్టింది?

హైదరాబాద్ నుంచి ఒక చెల్లి:
అక్కా, హాగరును వదిలేస్తే ఈ పాఠం సగమే. తనకు పిల్లలు లేక, బిడ్డ కోసం దాసి హాగరును భర్తకు ఇచ్చింది శారా. హాగరు గర్భవతి కాగానే “నా ఉసురు నీకు తగులును” అని భర్త మీద పడిందీ శారాయే. అబ్రాహాము, నీ దాసి నీ చేతిలోనే ఉన్నదని తప్పుకున్నాడు. శ్రమపెడితే ఆ ఐగుప్తు అమ్మాయి అరణ్యంలోకి పారిపోయింది. భార్యాభర్తలు ఒకరితో ఒకరు తేల్చుకోవలసిన దుఃఖాన్ని ఇంట్లో బలహీనురాలి మీద వేశారు. నేను ఇళ్లలో పనిచేసిన తల్లి కూతురిని, ఈ అధ్యాయాన్ని దాటిపోలేను.

పాలకొల్లు అక్క:
నిజమమ్మా, దాటకూడదు. దేవుని దూత వెతుక్కుంటూ వెళ్లింది హాగరు దగ్గరికే. నన్ను చూస్తున్న దేవుడవు అని ఆయనకు పేరు పెట్టినదీ ఆమే. తర్వాత హాగరును, ఆమె కొడుకును వెళ్లగొట్టమని శారా అంటే, 21:12లో ఆమె మాట వినమని దేవుడు అబ్రాహాముతో అన్నాడు, అయినా ఆమె కఠినత్వాన్ని మెచ్చుకున్నట్లు నాకు కనబడదు. నీళ్లు అయిపోయి బెయేర్షెబా అరణ్యంలో ఆ పిల్లవాడు ఏడిస్తే ఆ మొరా ఆయనే విన్నాడు. తెనాలి అమ్మాయీ, ఇది కూడా చెప్పు.

తెనాలి సోదరి:
అక్కా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఊరుకున్నాను. గేటు తాళానికి ఒక నిమిషం చాలు. ఆయన వచ్చేసరికి నేను పాలు కాచి తోడు పెట్టి, గిన్నెలన్నీ కడిగేశాను.

నిన్న రాత్రి అడిగాను. గేటు పక్కన నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చున్నారట. రెండోసారి చికిత్స పోయినప్పటి నుంచి తనకు ప్రార్థన రావడం లేదని, ఆ రాత్రి నాకోసమే మోకరించానని, నేను నవ్వకపోతే ఏ మాటలతో మొదలుపెట్టాలో తనకూ తెలియదని చెప్పారు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

శనివారం 17, 18 అధ్యాయాలు కలిపి చదివిస్తాను. 16వ అధ్యాయం చదవడానికి మా సంఘంలో ఇళ్లలో పనిచేసే ఒక సోదరిని అడిగాను, ఒప్పుకుంది.