వోటుమ్ సోల్విట్: "మొక్కుబడి" అనవచ్చా?

ప్రశ్న:
ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌వెల్ దగ్గర పొలంలో 2002లో 27 బంగారు, వెండి వస్తువులు దొరికాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రోమన్ల కాలంలో సెనూనా అనే దేవికి భక్తులు ఇచ్చినవి. ఎక్కువగా ఆకు ఆకారంలో కొట్టిన పలుచని రేకులు. ఒక వెండి ప్రతిమ పీఠం మీద దేవి పేరు, ఫ్లావియా కునోరిస్ అనే స్త్రీ పేరు, చివర నాలుగు అక్షరాలు: వి, ఎస్, ఎల్, ఎం. "వోటుమ్ సోల్విట్ లిబెన్స్ మెరిటో" అనే లాటిన్ మాటలకు పొట్టిరూపం. వోటుమ్ అంటే మొక్కు. దీన్ని తెలుగులో "మొక్కుబడిగా సమర్పించింది" అనవచ్చా?

జవాబు:
"మొక్కుబడి" వరకు సరే, "గా" చేర్చకండి. రాబడి, పెట్టుబడి, దిగుబడి లాగే మొక్కు నుంచి మొక్కుబడి వచ్చింది. మొక్కుకున్న వస్తువుకూ ఆ పేరే. కానీ ఈనాటి వాడుకలో "మొక్కుబడిగా చేశాడు" అంటే మనసు పెట్టకుండా, పని అయిందనిపించడానికి చేశాడని. లాటిన్‌లో "లిబెన్స్" దీనికి పూర్తిగా ఎదురు: ఇష్టపడి, ఎవరి బలవంతమూ లేకుండా అని. ఒకే వాక్యంలో "మొక్కుబడిగా, ఇష్టంగా" అని పెడితే చదివేవాడు తికమకపడతాడు.

"సమర్పించింది" కూడా చాలదు. సోల్విట్ వచ్చిన సోల్వెరె అనే క్రియకు మూలార్థం ముడి విప్పడం, వదులు చేయడం. అక్కడి నుంచి బాకీ తీర్చడం అనే అర్థం వచ్చింది. రోమన్ మొక్కుకు రెండు దశలు. మొదట దేవత ముందు "నాకిది చేస్తే నీకిది ఇస్తాను" అని పైకి చెప్పుకోవడం. దాన్ని నుంకుపాటియో అంటారు. అలా మొక్కుకున్న క్షణం నుంచి ఆ మనిషి "వోటీ రేయుస్", అంటే మొక్కు బాకీపడ్డవాడు. రెండోది, కోరిక నెరవేరాక ఇచ్చేయడం. దాంతో బాకీ తీరుతుంది. ఈ నాలుగు అక్షరాలు ఆ రెండో దశకు రశీదు లాంటివి. "సమర్పించింది" అంటే బాకీ సంగతి పోతుంది, "కానుక ఇచ్చింది" అన్నా అంతే.

మన దగ్గర మొక్కు తీర్చుకుంటాం, చెల్లిస్తాం. అప్పుకూ ఇవే రెండు క్రియలు. లాటిన్‌తో ఇవి చాలా దగ్గరగా కలుస్తాయి. ఇంగ్లీషు అనువాదాల్లో తరచు "నెరవేర్చింది" అనే అర్థం కనిపిస్తుంది.

మరో జవాబు:
ముడి విప్పడం మూలార్థం అన్నారు కాబట్టి "ముడుపు" గుర్తుకొస్తుంది. పసుపు గుడ్డలో డబ్బు పెట్టి ముడివేసి ఉంచుతాం, కోరిక తీరాక గుడికి చేరుస్తాం. అయినా ఆ రేకును ముడుపు అనడం తప్పే అవుతుంది. ముడుపు మొక్కుకున్న రోజే కడతాం, ఈ రేకు మొక్కు తీరే రోజున గుడికి వచ్చేది. పైగా పత్రికల్లో "ముడుపులు" అంటే లంచాలు! మంచి మాటలు రెండూ ఇలా దెబ్బతినడం నిజంగా బాధాకరం. రేకుకు "మొక్కు రేకు" అని పెడితే ఎవరికీ అనుమానం రాదు. కొన్ని గుళ్ళలో ఇచ్చే వెండి కళ్ళు, పాదాల రేకులు చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

ఆ రేకుల మీద అక్షరాల గురించి ఒక మాట. వెనకవైపు నుంచి మొద్దు మొన ఉన్న పనిముట్టుతో ఒత్తితే అక్షరం ముందుకు ఉబ్బుతుంది. అలా చేసేవాడు కుడి నుంచి ఎడమకు, తిరగేసి రాయాలి. గట్టిగా ఒత్తితే రేకు చిరుగుతుంది. తిప్పి రాయడం మరిచిపోతే తప్పు ఎక్కడ పట్టుబడుతుందో చూడండి: రోమన్ అక్షరాల్లో వి, ఎం రెండూ అద్దంలోనూ అలాగే కనిపిస్తాయి. కాబట్టి ఈ నాలుగింటిలో ఎస్, ఎల్ మాత్రమే తిరగబడతాయి.

ప్రశ్న అడిగినవారు:
"మెరిటో" ఎవరికి వర్తిస్తుందండీ? భక్తురాలి పుణ్యమా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
కాదండీ, ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. దేవి మేలు చేసింది, కాబట్టి ఆమెకు ఇది తగును అని. "పుణ్యవశాత్తు" అని రాస్తే అర్థం తలకిందులవుతుంది.

విభక్తి కూడా గమనించండి. సెనూనా దేవి పేరుకు లాటిన్‌లో "దేయె సెనూనె" అనే రూపం చతుర్థికీ షష్ఠికీ ఒకటే, కాబట్టి "దేవికి" అనాలా "దేవి యొక్క" అనాలా అని సందేహం రావచ్చు. పురుష దేవతల పేర్లు చూస్తే తీరిపోతుంది. అదే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో బార్క్‌వే దగ్గర 1743లో దొరికిన వెండి రేకు మీద "మార్టి అలాటొరి" అని మార్స్ అలాటొర్ అనే దేవుడి పేరు ఉంది. షష్ఠి అయితే "మార్టిస్" అని ఉండాలి. కాబట్టి "దేవికి". మన సంప్రదాయ వ్యాకరణం కి, కు లను షష్ఠిలో చేర్చింది గానీ, ఇక్కడ "దేవి కొఱకు" అని రాస్తే కృతకంగా ఉంటుంది.

మరో జవాబు:
లింగం సంగతి మరవకండి. "సోల్విట్" స్త్రీకీ పురుషుడికీ ఒకటే. ఫ్లావియా అని పేరుంది కాబట్టి "చెల్లించింది". బార్క్‌వే రేకు ఇచ్చిన సెన్సోరీనుస్‌కు "చెల్లించాడు". పేరు చెరిగిపోయిన చోట "చెల్లించారు" అని పెట్టడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇలా రాస్తున్నాను: "సెనూనా దేవికి ఫ్లావియా కునోరిస్ తన ఇష్టంతో, ఆ తల్లికి తగినట్టుగా, మొక్కు చెల్లించింది."

మొదటి జవాబు ఇచ్చినవారు:
బాగుంది. "ఆ తల్లికి" తీసేసి "ఆ దేవికి" అనండి, మూలంలో తల్లి లేదు.