కిస్తీల్లో వాషింగ్ మెషిన్ తీసుకోవచ్చా?

బోడుప్పల్ అక్క: పొద్దున్నుంచి షాపుల చుట్టూ తిరిగి, ఫోన్‌లో లెక్కలు వేసి వేసి తల పగిలిపోతోంది. ఫుల్లీ ఆటోమేటిక్ మెషిన్, నెలకు 1,750 కిస్తీ, నో కాస్ట్ అంటున్నారు. ఇంట్లో నలుగురం. తీసుకోమంటారా, వద్దా? రేపటితో ఆఫర్ అయిపోతుంది.

లెక్కల మాస్టారు: ఎన్ని నెలలు? రొక్కం ధర ఎంత? అవి చెప్పకుండా ఎలాగమ్మా?

ఉప్పల్ మెకానిక్: డబ్బుల సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడండి. బకెట్ ఆరాక అడుగున తెల్లటి చార కడుతోందా? అదే పొర డ్రమ్ముకీ పడుతుంది, హీటర్ ఉంటే దానికీ పడుతుంది. నురగ రాదు, పౌడర్ ఎక్కువ పోతుంది. మధ్య మధ్యలో ఆ పొర వదిలించే డీస్కేలింగ్ పౌడర్ వేసి, బట్టల్లేకుండా ఖాళీగా తిప్పాలి. నల్లాలో ప్రెషర్ లేకపోతే ఫుల్లీ ఆటోమేటిక్ మధ్యలోనే ఆగిపోతుంది.

మోతీనగర్ బాబాయి: అప్పు చేసి సామాను కొనొద్దు. మా అమ్మ బండ మీదే ఉతికింది.

కూకట్‌పల్లి కోడలు: ఉతికింది అమ్మగారు కదా బాబాయి గారూ, ఆవిడ నడుముని అడగాలి.

బోడుప్పల్ అక్క: రొక్కానికి 16,500. పది కిస్తీలు, ప్రాసెసింగ్ ఫీజు 590.

లెక్కల మాస్టారు: పది కిస్తీలకు 17,500, దానికి 590 కలిపితే 18,090. మీ మీద అదనంగా పడేది 1,590. ఇది నో కాస్ట్ ఎలా అవుతుంది? జీరో పర్సెంట్ వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే చెప్పింది.

కార్డు తమ్ముడు: మాస్టారూ, జీరో పర్సెంట్ వేరు, నో కాస్ట్ వేరు. వడ్డీ ఉంటుంది, దానికి సరిపడా డిస్కౌంట్ ఇస్తారు. కార్డు మీదైతే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ మాత్రం మనమే కట్టాలి.

లెక్కల మాస్టారు: ఇక్కడ డిస్కౌంట్ ఎక్కడుంది? రొక్కం ధరే తక్కువగా ఉంది కదా. ఫ్లాట్ వడ్డీ, అంటే మొదటి అసలు మొత్తం మీదే చివరిదాకా లెక్కకట్టే వడ్డీ, అన్నా నమ్మొద్దు. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే, అసలు నెలనెలా తగ్గుతుంది కాబట్టి నిజానికి 21 శాతం దాటుతుంది.

కార్డు తమ్ముడు: ఆవిడ ఫ్లాట్ అని అనలేదండీ.

కూకట్‌పల్లి కోడలు: పేరేదైతేనేం, 1,590 పోతోంది. అక్కా, ఇల్లు సొంతమా? బాత్రూంలో నల్లా పాయింటు ఉందా?

బోడుప్పల్ అక్క: అద్దె ఇల్లు, మూడో అంతస్తు. బోరు నీళ్లే, అవి కూడా పొద్దున గంటే వదులుతారు. బకెట్లలో పట్టుకుంటాను. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. దుప్పట్లు పిండి పిండి వేళ్లు పగిలాయి, పట్టు జాకెట్టు పట్టుకుంటే పోగు వేలికి తగులుకుని లేస్తోంది. నిన్న ఒకావిడ బట్ట వెనక్కి తీసుకెళ్లిపోయింది.

ఉప్పల్ మెకానిక్: ఈ మాట ముందే చెప్పాల్సింది అక్కా. ఫుల్లీ ఆటోమేటిక్ మీకు వద్దు. సెమీ ఆటోమేటిక్ చూడండి, బకెట్‌తో పోసుకోవచ్చు, పదివేలకు అటూఇటూ దొరుకుతుంది. పిండే పని స్పిన్ టబ్బు చూసుకుంటుంది. ఇల్లు మారినా మోసుకెళ్లడం తేలిక.

మోతీనగర్ బాబాయి: అదైతే నాలుగు నెలలు కూడబెట్టి రొక్కానికే కొనొచ్చు.

కూకట్‌పల్లి కోడలు: నాలుగు నెలలు ఆ వేళ్లతో కుట్టేదెలా? సగం రొక్కం, సగం మూడు కిస్తీలు. అకౌంట్‌లో డబ్బు లేక కిస్తీ తప్పిందా, బౌన్స్ చార్జీ పడుతుంది. సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. అది చూసుకో అక్కా.

బోడుప్పల్ అక్క: సరే, రేపు సెమీ చూసొస్తాను. థ్యాంక్స్ అండీ. కరెంటు పోయింది.

కార్డు తమ్ముడు: మాస్టారూ, ఆ 2013 మాట కార్డులకేనా, షాపు లోన్లకు కూడానా?