డిశ్చార్జ్ తర్వాత సొంత జిల్లాకు రిఫరల్: ఏమేం రాయించుకోవాలి?

ప్రశ్న

మా అన్నయ్యకు స్కిజోఫ్రీనియా, దానికి తోడు షుగర్. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి వచ్చే వారం డిశ్చార్జ్. క్లోజపిన్ (ఈ మానసిక జబ్బుకు ఇచ్చే మాత్ర) మొదలుపెట్టి ఐదు వారాలైంది. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు, మాటిమాటికీ హైదరాబాద్ రాలేం. జిల్లాలోనే చూపించుకోవాలంటే ఎవరి పేరున, ఏం రాయించుకోవాలండీ?

జవాబు 1 (సైకియాట్రిక్ సోషల్ వర్కర్)

డిశ్చార్జ్ రోజు దాకా ఆగకండి, ఇవాళే వార్డు సోషల్ వర్కర్‌ని కలవండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ ప్రకారం, ఇంటికి పంపేటప్పుడు ఇప్పటి డాక్టరు మీతో, మీ అన్నయ్యతో, ఇకపై చూడబోయే డాక్టరుతో కూడా మాట్లాడాలి. అడగడానికి మొహమాటపడకండి.

ఉత్తరం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సైకియాట్రిస్టుకు రాయించండి. ‘దగ్గర్లోని ఆసుపత్రిలో చూపించుకోగలరు’ అని ఒక్క ముక్క రాసిస్తే, అక్కడ కొత్త ఓపీ చీటీతో కథ మళ్లీ మొదటికొస్తుంది. ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని వారాలు వాడినా పనిచేయలేదో అందులో తప్పకుండా ఉండాలి. అది లేకపోతే కొత్త డాక్టరు ఆ పాత మందులే మళ్లీ రాసే ప్రమాదం ఉంది. జబ్బు తిరగబెట్టేముందు మీకు కనిపించే గుర్తులు (నిద్ర తగ్గడం, అన్నం వాసన చూసి పక్కన పెట్టేయడం లాంటివి) కూడా రాయించండి. షుగర్ మందులు అదే కాగితం మీద ఉండాలి, విడిగా వద్దు.

జవాబు 2 (మానసిక విభాగం నర్సు)

క్లోజపిన్‌కు సాధారణంగా మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష, తర్వాత నెలకోసారి. అంటే వారం వారం చేయించేవి మీకింకా 13 ఉన్నాయి. ఈ మందుతో రక్తంలో తెల్లకణాలు పడిపోవచ్చు, అందుకే ఆ లెక్క ఎక్కడ చేయిస్తారో ముందే తేల్చుకోండి. జ్వరం, గొంతునొప్పి వస్తే పారాసిటమాల్ వేసి ఊరుకోకండి, ఆ రోజే రక్తం చూపించాలి.

రెండు రోజులు (48 గంటలు) మించి మాత్ర తప్పితే పాత మోతాదు వేయకూడదు. డాక్టరు చెప్పాక మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలు. ఇంకోటి, వార్డులో బీడీ మానేసి ఇంటికెళ్లాక మొదలుపెడితే ఒంట్లో మందు తగ్గిపోతుంది. బీడీ అలవాటుంటే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి. మలబద్ధకాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

బీడీ అలవాటుంది, రేపే చెప్తాను. అక్కడ క్లోజపిన్ దొరక్కపోతే?

జవాబు 1 (సైకియాట్రిక్ సోషల్ వర్కర్)

ఊరికి బయల్దేరకముందే జిల్లా ఆసుపత్రి ఫార్మసీకి ఫోన్ చేసి కనుక్కోండి. డిశ్చార్జ్ మందులు నెలకు సరిపడా అడగండి, ఆ లోపు వాళ్లు తెప్పించగలరు. మధ్యలో ఏదైనా తేడా వస్తే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

జవాబు 3

వైకల్య సర్టిఫికెట్ కోసం పాత చీటీలన్నీ దాచండి. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికీ మార్కులుంటాయి. వైకల్యం 40 శాతం వస్తేనే చాలా పథకాలు వర్తిస్తాయి. పరీక్ష రోజు డాక్టరు అడిగితే అలవాటుగా ‘బాగానే ఉన్నాడండీ’ అనేస్తారు ఇంట్లోవాళ్లు. స్నానానికి ఎన్నిసార్లు చెప్పాలో, డబ్బు లెక్క చూసుకోగలడో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి.