పాత సెట్‌టాప్ బాక్స్ ఆగిపోతుందంటూ ఫోన్లు: నిజమా, హెచ్‌డీ అంటగట్టడానికా?

తెనాలి_వాసి:
మా అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. డాబా మీద డిష్, మామూలు ఎస్‌డీ బాక్స్ (బొమ్మ హెచ్‌డీ అంత స్పష్టంగా ఉండదు). నాన్నగారు వార్తలు, ఎస్వీబీసీ, క్రికెట్ చూస్తారు, అమ్మ సీరియళ్లు చూస్తుంది. అంతకుమించి వాళ్లకేమీ అక్కర్లేదు.

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి కంపెనీ వాళ్లమంటూ ఒకటే ఫోన్లు. “మీ బాక్స్ పాతదైపోయింది సార్, త్వరలో ఆగిపోతుంది, ఇప్పుడైతే ఆఫర్‌లో హెచ్‌డీ బాక్స్ ఇస్తాం” అంటారు. ఎప్పుడు ఆగుతుందంటే తేదీ చెప్పరు. సరిగ్గా అప్పటి నుంచే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోంది. వాన లేదు, మబ్బు లేదు. కావాలనే సిగ్నల్ తగ్గించి దారికి తెచ్చుకుంటున్నారేమో అనిపిస్తోంది. డెబ్బై దాటిన మనిషిని ఇలా టెన్షన్ పెట్టడం నాకు చాలా బాధగా ఉంది. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

డిష్_మెకానిక్:
అన్నా, నేను ఖమ్మం వైపు చాలా ఏళ్లు డిష్‌లు బిగించాను. శాటిలైట్ సిగ్నల్ అందరికీ ఒకటే, మీ ఒక్క ఇంటికి తగ్గించడం కుదరదు. ఛానళ్లు ఆపాలంటే ఆపగలరు గానీ బొమ్మ విరగ్గొట్టలేరు. ముందు డాబా ఎక్కి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే చిన్న పరికరం) దగ్గర కేబుల్ కనెక్టర్ విప్పి చూడండి. లోపలి రాగి తీగకు పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేయించండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. గాలికి డిష్ రవ్వంత తిరిగినా, కొబ్బరి మట్ట అడ్డం పెరిగినా ఇదే గొడవ. కనెక్టర్ మారిస్తే మాకు ఏమీ మిగిలేది కాదు, బాక్స్ మార్పిస్తే కమీషన్ వచ్చేది. అదీ సంగతి.

అయితే పాత బాక్సులు ఆగిపోవడం పూర్తిగా అబద్ధమేం కాదు. బొమ్మను కుదించి పంపే పద్ధతి పాత ఎంపెగ్-2 నుంచి కొత్త ఎంపెగ్-4కి మారేటప్పుడు పాత బాక్సులు నిజంగానే మార్చాల్సి వస్తుంది. మీది ఏ రకమో చూడండి. ఎంపెగ్-4 అయితే, ఆగిపోయే తేదీ మెసేజ్‌లో పంపమనండి.

ఓరుగల్లు_అమ్మ:
బాక్స్ ధర ఒక్కటే చూడకండి, ఆ తర్వాత నెలనెలా పడేది చూడండి. మాకు హెచ్‌డీ ప్యాక్ మొదటి నెల ఉచితమన్నారు, రెండో నెల నుంచి అడగకుండానే డబ్బులు కట్ అయ్యాయి. ఒకే ఛానల్‌కి ఎస్‌డీ ధర వేరు, హెచ్‌డీ ధర వేరు. పైగా నెట్‌వర్క్ ఛార్జీ, అంటే ఛానళ్ల ధర కాకుండా కనెక్షన్‌కి నెలనెలా తీసుకునేది. 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల్లో 100 ఛానళ్లకు పన్ను కాకుండా 130 రూపాయలు మించకూడదని ఉండేది, అందులో ఒక హెచ్‌డీ ఛానల్‌ను రెండు ఎస్‌డీల కింద లెక్కగట్టేవారు. 2024లో ఆ పరిమితే ఎత్తేశారు. కాబట్టి ఆ ఛార్జీ ఎంతో విడిగా అడగండి.

ఇంకొకటి. మా ఇంట్లో హెచ్‌డీ బాక్స్ పెట్టిన అబ్బాయి పాత ఎరుపు, పసుపు, తెలుపు వైర్లతోనే కలిపి వెళ్లిపోయాడు. హెచ్‌డీఎంఐ వైరు లేకపోతే హెచ్‌డీ డబ్బు కట్టి ఎస్‌డీ చూసినట్టే. అడగని ప్యాక్ వేసి డబ్బు వెనక్కి ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

తెనాలి_వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం వెళ్లి కనెక్టర్ చూస్తాను. ఎవరు ఫోన్ చేసినా ఓటీపీ మాత్రం చెప్పొద్దని నాన్నగారికి ఇప్పుడే చెప్పాను.