నాన్న అంబాసిడర్‌కి ఇంజిన్ మార్చాలా, బోర్ చేయించాలా?

కొబ్బరితోట (పాలకొల్లు):
అందరికీ నమస్కారమండి. మాది 1988 మార్క్ 4 అంబాసిడర్, పెట్రోల్. నాన్న కొన్నది. వాడకమంటే ఆదివారం నరసాపురం దాకా వెళ్లి రావడం, ముహూర్తాలప్పుడు ఎవరైనా అడిగితే పెళ్లికొడుకుని ఎక్కించుకెళ్లడం, అంతే. ఏడాదిగా నీలం పొగ వస్తోంది, ఆయిల్ తెగ తాగేస్తోంది. తుక్కు బండిది డీజిల్ ఇంజిన్ ఒకటుంది, ఎక్కించేద్దాం, డెబ్బై వేలల్లో అయిపోతుంది, మైలేజీ కూడా వస్తుంది అంటున్నాడు మా మెకానిక్. అమ్మేమో మీ నాన్న ఉంటే ఒప్పుకునేవారు కాదురా అంటోంది. ఏం చేయమంటారు?

కాలవగట్టు (భీమవరం):
నేను చేయించి అనుభవించినవాణ్ణండి. మా పెట్రోల్ అంబాసిడర్‌కి మాటడోర్ వ్యాను డీజిల్ ఇంజిన్ ఎక్కించాను. అబద్ధమెందుకు, చెరువుల దగ్గరికి మేత బస్తాలేసుకుని వెళ్లినా సుఖంగా లాగేది, డబ్బులూ మిగిలాయి. కానీ ఇంజిన్‌తో ఖర్చు ఆగదు. ఇంజిన్ కూర్చునే మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయాలి, గేర్‌బాక్స్‌కి కలపడానికి ప్లేటు కొట్టించాలి, రేడియేటర్, సైలెన్సర్, పెద్ద బ్యాటరీ... అనుకున్నదానికి రెట్టింపైంది. బరువుకి ముందు భాగం కిందికి దిగిపోతే స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు బిగించి పైకి లేపాం. అరవై దాటితే అద్దాలు గడగడ, లోపల మాట వినపడేది కాదు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాడికి గిట్టుబాటేమోగానీ ఆదివారం బండికి ఎందుకండీ?

లేత్‌పని (రావులపాలెం):
తమ్ముడూ, ముందు పొగ ఎప్పుడొస్తోందో చెప్పు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపేవి) అయ్యుంటాయి, చిన్న పని. లోడు మీద లాగినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) చూడాలి. కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో) చెక్ చేయించకుండా ఇంజిన్ దింపుదాం అన్నవాడి చేతికి తాళం ఇవ్వకు. నీ 1489 సీసీ ఇంజిన్ పాత కాలపు ఇనుప బ్లాకు, బోర్ చేసి, అంటే అరిగిన గోడని కాస్త పెద్దగా తొలిచి, ఓవర్‌సైజు పిస్టన్లు వేసుకోవచ్చు, అదీ అయిపోతే లోపల కొత్త గొట్టాల్లాంటి స్లీవులు వేస్తాం.

మార్చే తీరాలంటే 1990ల్లో అంబాసిడర్ కంపెనీయే ఇసుజు 1800 పెట్రోల్ ఇంజిన్ పెట్టింది చూడు, అయిదు గేర్లది, అది గేర్‌బాక్స్‌తో సహా మొత్తం సెట్టు దొరికితే ఆలోచించు. బండి లేచి పరిగెడుతుంది. మరి ఆపేది ఎవరు? నీ బండికి నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. కాలవగట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే అప్పుడు తెలుస్తుంది. ముందు బ్రేకులు, తర్వాత ఇంజిన్.

పాతబండి (కాకినాడ):
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? ఇంజిన్ నంబరు, ఇంధనం రెండూ ఆర్‌సీలో ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇలాంటి మార్పుకి ముందే ఆర్‌టీవో అనుమతి కావాలి. అదే రకం ఇంజిన్ వేసుకుంటే ఒప్పించడం తేలిక, పెట్రోల్ తీసి డీజిల్ అంటే తలనొప్పే. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది కదా, అక్కడ నంబరు కలవకపోతే ఏం చెప్తారు? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి అదే సాకు. తుక్కు బండి ఇంజిన్ ఏ కేసులో ఉన్న బండిదో కూడా తెలియదు, బిల్లు లేకుండా కొనకండి.

కొబ్బరితోట:
అందరికీ థాంక్స్ అండి. నిన్న కంప్రెషన్ చూపించాను. నాలుగు సిలిండర్లలో మూడు బానే ఉన్నాయి, మూడో నంబరు సిలిండర్‌లో మాత్రం బాగా పడిపోయింది. హెడ్ తీస్తే బోరులో గీత పడి ఉంది, రింగు విరిగింది. క్రాంక్ బాగుందన్నారు. బోర్ చేయించడానికి బ్లాకు లేత్‌కి పంపించాను. బ్లాకు అదే కాబట్టి ఇంజిన్ నంబరు గొడవ లేదు. పనిలో పనిగా బ్రేక్ లైనర్లు కూడా మార్పిస్తున్నా. మెకానిక్‌కి కోపం వచ్చింది, ఆ డీజిల్ ఇంజిన్ ఎవరి చెరువుకో నీళ్లు తోడడానికి అమ్మేస్తాడట.